రాత్రి ఎన్నింటికి పడుకుంటారో పోర్చుగీసులో చెప్పడం ఎలా

ముందు బ్రెజిల్ పోర్చుగీసా, పోర్చుగల్ పోర్చుగీసా అన్నది తేల్చుకోండి, రెండూ కలిపి నేర్చుకుంటే రెండు చోట్లా తేడాగానే వినిపిస్తుంది. నేనిక్కడ బ్రెజిల్‌ది రాస్తున్నాను, 20 కోట్ల మందికి పైగా మాట్లాడేది అదే కాబట్టి.

మనకి అసలు తిరకాసు ఎక్కడొస్తుందంటే, తెలుగులో 'పదకొండుకి పడుకుంటాను' అంటే రోజూ అలవాటు అనీ అనుకోవచ్చు, ఈ రాత్రి సంగతి అనీ అనుకోవచ్చు. పోర్చుగీసులో దారులు వేరు. ఇప్పుడు పడుకోబోతుంటే 'వో దోర్మీర్'. రోజూ అయితే 'కోస్తూము దోర్మీర్ ఆజ్ ఓంజి', ఓంజి అంటే పదకొండు. పదింటికైతే 'ఆజ్ దేస్', అర్ధరాత్రికి 'ఆ మేయ నోయ్చి', ఒంటిగంటకి 'ఆ ఊమ'.

ఈ 'కోస్తూము' గట్టిగా పట్టుకోండి. నాకు అలవాటు అని చెప్పే మాట ఇది, దీని వెనక ఏ క్రియ పెట్టినా డిక్షనరీలో ఉన్న రూపమే పెట్టొచ్చు, రూపాలు మార్చే టెన్షన్ ఉండదు. స్నానం 'తొమార్ బాన్యు', పళ్లు తోముకోవడం 'ఇస్కొవార్ ఉజ్ దెంచిస్', ఫోన్ చూస్తూ ఉండటం 'మెషేర్ ను సెలులార్'. కోస్తూము లేకుండా చెప్పాలంటే మాత్రం దోర్మీర్ (పడుకోవడం) కాస్త మొండిది: నేనైతే 'ఎవు దూర్ము', మీరైతే 'వొసే దోర్మి'.

పడుకున్నా నిద్ర పట్టడం లేదా? 'దెమోరు ప్రా పెగార్ ను సోను', నిద్ర పట్టడానికి టైం పడుతుంది అని. నిద్ర వస్తోంది అనడానికి 'తో కోఁ సోను'. ఆ కోఁ దగ్గర పెదాలు మూయకండి, శబ్దం ముక్కులోంచి రావాలి, అందుకే సున్నా కాకుండా అరసున్న పెట్టాను (పాత పుస్తకాల్లో తప్ప కనపడని ఆ అక్షరం ఇలా పనికొచ్చింది). 'దోర్మి బేఁ', హాయిగా పడుకో అన్నదానిలోనూ అంతే.

మాట మొదట్లో ర ఉంటే గొంతులోంచి హ లాగా పలుకుతారు. 'మేవు మరీదు హోంక' అంటే మా ఆయన గురక పెడతాడు అని, రాసేటప్పుడు అక్కడుండేది ర. ఉత్తర, ఈశాన్య బ్రెజిల్‌లో చాలామంది గుడ్డ ఊయలలో పడుకుంటారు, దాన్ని 'హేజి' అంటారు, అదీ ర తోనే మొదలవుతుంది.

పోర్చుగల్ వెళ్లేవాళ్లు అక్కడ ఫోన్‌ని 'తెలెమోవెల్' అంటారని, పళ్లు తోముకోవడానికి 'లవార్' వాడతారని గుర్తుపెట్టుకోండి. నోయ్చి కూడా అక్కడ నోయ్త్ అవుతుంది.

ప్రాక్టీసుకి యాప్ అక్కర్లేదు, రాత్రి ఏ పని చేస్తుంటే ఆ వాక్యం పైకి అనండి, బ్రష్ నోట్లో ఉన్నప్పుడు తప్ప. ఎవరైనా 'కి ఓరజ్ వొసే దోర్మి?', అంటే ఎన్నింటికి పడుకుంటారు అని అడిగితే జవాబు చెప్పి ఊరుకోకండి, చివర 'ఇ వొసే?' అని తిరిగి అడగండి, మీరూ అని. లేకపోతే మాట అక్కడే ఆగిపోతుంది.