పడవ ఎందుకు ఆగింది? హుస్సేన్‌సాగర్ సాయంత్రపు రేసు: సమస్య - పరిష్కారం

జూన్, జూలైలలో పొద్దు ఏడింటి దాకా ఉంటుంది. ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి, సరదాగా రెండు రౌండ్లు రేసు వేద్దామని లేజర్ పడవ (ఒకే సెయిల్‌తో, అంటే తెరచాపతో, ఒక్కరే నడిపే చిన్న పడవ) దించుతాం. కాసేపటికి తోటివాళ్లు నెక్లెస్ రోడ్డు వైపు బోయ (మలుపు గుర్తుగా నీటి మీద తేలే బుంగ) చుట్టేస్తుంటారు, మనం బుద్ధుడి దగ్గర నిలబడి ఉంటాం. ఒడ్డుకొచ్చాక చెప్పేది ఒకటే: "నాకు గాలి తగల్లేదు."

ఏం సరిచేయాలన్నా ముందు చుట్టూ చూడండి. పక్క పడవలు కూడా ఆగితే గాలి పోయినట్టు. మీరొక్కరే ఆగితే తప్పు మీ చేతిలో ఉన్నట్టు. నా విషయంలో చాలాసార్లు రెండోదే.

సెయిల్ బిగుతుగా ఉంది, పడవ కదలడం లేదు

గాలి తగ్గగానే చెయ్యి దానంతటదే షీట్ (సెయిల్‌ను లాగి పట్టే తాడు) లాగేస్తుంది. బిగిస్తే వేగం వస్తుందన్న భ్రమ. సెయిల్ రెండు వైపులా గాలి అంటుకుని పారితేనే పడవ ముందుకు వెళ్తుంది. నీరసంగా వీచే గాలి అంత బిగువైన వంపును చుట్టి రాలేదు, చాటు వైపు (గాలి నేరుగా తగలని వైపు) విడిపోయి సుడులు తిరుగుతుంది. బయటికి సెయిల్ నిండుగానే కనిపిస్తుంది, అందుకే మోసపోతాం.

షీట్ వదలండి. వ్యాంగ్ (సెయిల్ అడుగు కర్రను కిందికి పట్టి ఉంచే తాడు) సడలించండి. పడవ ముక్కును గాలి నుంచి కాస్త పక్కకు తిప్పి, వేగం అందుకున్నాక మెల్లగా మళ్లీ లాగండి. ఎంత లాగాలో సెయిల్ మీద అతికించిన ఊలు దారాలు చెబుతాయి. రెండు వైపులవీ తిన్నగా వెనక్కి పారుతుంటే సరే. చాటు వైపు దారం చిందులేస్తే ఎక్కువ లాగారు. గాలి వైపు దారం ఎగిరితే గాలికి మరీ ఎదురెళ్తున్నారు, కొద్దిగా పక్కకు తిప్పండి.

కూర్చునే చోటు కూడా ముఖ్యం. డాగర్‌బోర్డ్ (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) దగ్గరకు జరగండి, పడవను సెయిల్ వైపు కొద్దిగా వాలనివ్వండి. వెనక భాగం నీళ్లను ఈడ్చడం తగ్గుతుంది, సెయిల్ తన బరువుకే వంపు తెచ్చుకుంటుంది. చుక్కానిని ఊరికే కదిలిస్తుంటే బ్రేకు వేసినట్టే.

పార్కులో జెండా ఎగురుతోంది, నీటి మీద గాలి లేదు

సంజీవయ్య పార్కు జెండా స్తంభం ఎత్తు 291 అడుగులు. మన మాస్టు (సెయిల్ కట్టే స్తంభం) 20 అడుగులకు అటూ ఇటూ. పొద్దు వాలేకొద్దీ నేల చల్లబడి కింది గాలి మందగిస్తుంది, పైన మాత్రం వీస్తూనే ఉంటుంది. పగలంతా ఎండ ఈ రెండింటినీ కలిపి కలియబెడుతుంది, సాయంత్రం ఆ పని ఆగిపోతుంది. కాబట్టి జెండాను నమ్మి అటు పోకండి. నీటి మీద నల్లగా, గరుగ్గా కనిపించే మచ్చల్ని వెతకండి. గాలి ఉన్నది అక్కడే.

ట్యాక్ చేసిన ప్రతిసారీ గాలి ఎదురు తిరుగుతోంది

ట్యాక్ అంటే పడవ ముక్కును గాలికి అడ్డంగా తిప్పి, గాలి రెండో పక్క నుంచి తగిలేలా దిశ మార్చడం. తిరిగిన ప్రతిసారీ గాలి ఎదురైతే దురదృష్టం అనుకుంటారు. నిజానికి గాలి మారి, మనం చూసి, ఆలోచించి తిరిగేసరికి అది మళ్లీ పాత దిక్కుకు వచ్చేస్తోంది. పడమటి గాలి భవనాలూ చెట్లూ దాటుకుని వస్తుంది కాబట్టి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

స్టార్టుకు ముందు రెండు ట్యాకుల మీదా కాసేపు నడిపి, ముక్కు ఒడ్డున దేన్ని చూస్తోందో గుర్తుపెట్టుకోండి. పడమటి గాలికి స్టార్‌బోర్డ్ ట్యాక్ (గాలి పడవ కుడి పక్క నుంచి తగిలే దిశ) మీద ముక్కు అంబేడ్కర్ విగ్రహం వైపు ఉందనుకుందాం. రేసులో అది ఎడమకు, సచివాలయం గుమ్మటాల వైపు జారితే గాలి మిమ్మల్ని దాని దిక్కు నుంచి దూరంగా నెడుతున్నట్టు. నాలుగైదు క్షణాలు ఆగి, అది నిజమేనని తేలితే ట్యాక్ చేయండి. కుడికి జరిగితే లాభమే, కదలకుండా కూర్చోండి. పడవ చోటు మారేకొద్దీ గుర్తులూ పక్కకు జరుగుతాయి, కాబట్టి ప్రతి రౌండుకీ కొత్తగా చూసుకోవాలి. సన్నని గాలిలో అనవసరపు ట్యాక్ ఒక్కటి చాలు, పక్కవాడు దాటిపోతాడు.

మలుపులో గాలికి ఎదురుగా ఇరుక్కుపోయాం

వేగం లేకుండా తిరిగితే ఇంతే. బూమ్‌నీ (సెయిల్ అడుగు కర్ర), టిల్లర్‌నీ (చుక్కానిని తిప్పే కర్ర) మీకు అవతలి వైపుకు తోయండి. పడవ వెనక్కి జరుగుతూ పక్కకు తిరుగుతుంది. తర్వాత రెండూ లాక్కోండి. "తోయి, తోయి, లాగు, లాగు" అని పైకే అనుకోండి, ఎవరు వింటే ఏం.

ఒక్క విసురుకే పడవ ఒరిగి, చుక్కాని మాట వినడం లేదు

ఒరిగిన పడవ తనంతట తానే గాలిలోకి తిరుగుతుంది. టిల్లర్‌తో కుస్తీ పట్టకండి. ముందు షీట్ కొంత వదిలి, ఒళ్లు బయటికి వాల్చి, పడవ నిటారు అయ్యాక లాగండి. మే నెలలో మబ్బు నల్లగా కమ్మి గాలి ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం ఏ చిట్కా వద్దు, తిన్నగా ఒడ్డుకు రండి.

అన్నీ సరే, అయినా పడవ బరువుగా ఉంది

గుర్రపుడెక్కో, ప్లాస్టిక్ కవరో తగులుకుంది. నిమజ్జనం తర్వాతైతే గుడ్డపీలికలు కూడా. డాగర్‌బోర్డ్ పైకి లాగి దించండి, చుక్కాని దగ్గర చేత్తో తడిమి చూడండి. తంటాలు పడి సెయిల్ సరిచేసుకునే ముందు ఇదే చూసుకోవాల్సింది. నేనూ చివరికే చూస్తాను.

అందరి పడవలూ ఆగిపోయాయి, చీకటి పడుతోంది

రేసు వదిలేయండి. రెస్క్యూ బోటు తాడు పట్టుకుని రావడంలో నామోషీ లేదు. సెయిల్ షీట్ వదిలేసి, డాగర్‌బోర్డ్ పైకెత్తి కట్టండి, లేదంటే వెనకాల పడవ పాములా మెలికలు తిరుగుతూ వస్తుంది.