ఓఎస్‌జీఐలో సిస్టమ్ ప్యాకేజీలు: ఏ సెట్టింగు ఎప్పుడు వాడాలి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్ మీద పనిచేసేవాళ్లకు ఓఎస్‌జీఐ (జావా ప్రోగ్రామును విడివిడి ముక్కలుగా నడిపే పద్ధతి) తప్పదు, అందులో దాన్ని నడిపేది అపాచీ ఫెలిక్స్ అనే ఫ్రేమ్‌వర్క్. బండిల్ (అలాంటి ఒక్కో ముక్క, ఒక జార్ ఫైలు) ‘ఇన్‌స్టాల్డ్’ దగ్గరే ఆగిపోయి, లాగ్‌లో ‘మిస్సింగ్ రిక్వైర్‌మెంట్’, ‘ఓఎస్‌జీఐ.వైరింగ్.ప్యాకేజ్’ అని పడితే, అడిగిన ప్యాకేజీని (జావా క్లాసుల గుంపును) అడిగిన వెర్షన్‌లో ఎవరూ ఎక్స్‌పోర్ట్ చేయట్లేదన్నమాట, అంటే బయటికి ఇవ్వట్లేదు.

అది వేరే బండిల్ నుంచి రావాల్సిందైతే ఆ బండిల్ పెట్టండి, కాన్ఫిగ్ ముట్టుకోవద్దు. జేడీకే (జావా కిట్) నుంచో, ఫ్రేమ్‌వర్క్ క్లాస్‌పాత్‌లోని (అది క్లాసులు వెతికే చోట్లలోని) జార్ నుంచో రావాల్సిందైతేనే కింది సెట్టింగుల పని. ‘జావా.’తో మొదలయ్యే ప్యాకేజీలకు ఏదీ అక్కర్లేదు, అవెప్పుడూ పేరెంట్ లోడర్ (బండిళ్లకు పైనుండే క్లాస్ లోడర్) నుంచే వస్తాయి.

వాడాల్సింది ‘ఆర్గ్.ఓఎస్‌జీఐ.ఫ్రేమ్‌వర్క్.సిస్టమ్.ప్యాకేజెస్.ఎక్స్‌ట్రా’. సిస్టమ్ బండిల్, అంటే ఫ్రేమ్‌వర్క్ తానే, ఎక్స్‌పోర్ట్ చేసే ప్యాకేజీల డిఫాల్ట్ జాబితాకు ఇది మీరు రాసినవి కలుపుతుంది. చివర ‘ఎక్స్‌ట్రా’ లేనిది మొత్తం జాబితా స్థానంలో మీరు రాసిందే పెడుతుంది. అందులో ఒక్క పేరే రాస్తే అప్పటిదాకా నడిచిన బండిళ్లు కూడా జావాఎక్స్ ప్యాకేజీలు దొరక్క వరసగా పడిపోతాయి.

ఫెలిక్స్‌లో ఇది కాన్ఫ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ప్రాపర్టీస్ ఫైలులో రాయాలి, అడోబీ దాంట్లో సీఆర్‌ఎక్స్-క్విక్‌స్టార్ట్ ఫోల్డర్ కింద కాన్ఫ్‌లోని స్లింగ్ ప్రాపర్టీస్‌లో. ఒక్కో ప్యాకేజీ తర్వాత కామా, వెర్షన్‌కు ముందు సెమీకోలన్. వెర్షన్ రాయకపోతే 0.0.0 అని లెక్క. బండిల్ 1.2 నుంచి 2 లోపు కావాలంటుంది, మీరు పేరొక్కటే రాశారు. ఎర్రర్ అలాగే ఉంటుంది. సబ్‌ప్యాకేజీలు వాటంతటవి రావు, ఇక్కడ నక్షత్రం గుర్తు పనిచేయదు, ప్రతి పేరూ విడిగా రాయాల్సిందే. వరస విరగ్గొట్టడానికి పెట్టే బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క స్పేస్ ఉన్నా ఆ వరస అక్కడితో తెగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఫైలులో అదే కీ ఇదివరకే ఉంటే రెండోసారి రాయకుండా దానికే కలపండి; రెండుంటే చివరిదే చెల్లుతుంది.

పేరు రాసినంత మాత్రాన క్లాసులు పుట్టవు. జావా 11 నుంచి జావాఎక్స్.ఎక్స్‌ఎంఎల్.బైండ్ జేడీకేలో లేదు. దాన్ని ఎక్స్‌ట్రాలో రాస్తే బండిల్ రిజాల్వ్ అవుతుంది (అడిగినవన్నీ దొరికాయని లెక్క), కానీ రన్‌టైమ్‌లో నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్‌తో చస్తుంది. దానికి ఆ క్లాసులున్న జాక్స్‌బీ బండిల్ పెట్టడమే మందు.

మూడోది బూట్ డెలిగేషన్, ‘ఆర్గ్.ఓఎస్‌జీఐ.ఫ్రేమ్‌వర్క్.బూట్‌డెలిగేషన్’. ఇందులో రాసిన ప్యాకేజీల కోసం బండిల్ ముందు నేరుగా పేరెంట్ లోడర్‌నే అడుగుతుంది. ఇక్కడ నక్షత్రం చెల్లుతుంది, ఇంపోర్ట్ అక్కర్లేదు, అందుకే చాలామంది ముందు దీనిమీదే పడతారు. కానీ ఇది బండిళ్ల మధ్య ఉన్న గోడల్నే దాటేస్తుంది, వెర్షన్ చూడదు. మానిటరింగ్ ఏజెంట్లకు (నడుస్తున్న ప్రోగ్రామును గమనించే టూల్స్‌కు) మాత్రం ఇదే సరైనది: అవి బండిల్ బైట్‌కోడ్‌లోకి తమ క్లాసుల్ని చొప్పిస్తాయి, వాటిని బండిల్ ఇంపోర్ట్ చేసుకుని ఉండదు కదా. డెలిగేషన్ డిఫాల్ట్‌గా బూట్ లోడర్‌కే (జావా సొంత క్లాసుల్ని తెచ్చేదానికే) వెళ్తుంది. జార్ అప్లికేషన్ క్లాస్‌పాత్‌లో ఉంటే ‘ఆర్గ్.ఓఎస్‌జీఐ.ఫ్రేమ్‌వర్క్.బండిల్.పేరెంట్’ విలువ ‘యాప్’ అని పెట్టాలి.

ఈ ప్రాపర్టీల్ని ఫ్రేమ్‌వర్క్ తను లేచేటప్పుడే చదువుతుంది కాబట్టి బండిల్ రిఫ్రెష్ చాలదు, పూర్తిగా రీస్టార్ట్ చేయండి. తర్వాత గోగో షెల్‌లో (ఫెలిక్స్‌కు కమాండ్లు ఇచ్చే చోట) ‘ఇన్‌స్పెక్ట్ క్యాప్ ఓఎస్‌జీఐ.వైరింగ్.ప్యాకేజ్ 0’ కొడితే సిస్టమ్ బండిల్ ఏమేం ఎక్స్‌పోర్ట్ చేస్తోందో వెర్షన్లతో సహా వస్తుంది.