సాష్ కిటికీ స్వయంబోధిని – 4: కడ్డీ కొలత, కన్ను, అచ్చు

ముందుగా మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబు. లండన్‌లో విక్టోరియా కాలపు ఇల్లు, అందులో పైకీ కిందికీ జరిగే సాష్ కిటికీ, దాని కింది రెక్క. రెక్క బరువును తూచి నిలపడానికి కిటికీ పక్కల దాగిన పెట్టెల్లో, గిలకల మీదుగా వెళ్లే తాళ్లకు రెండు బరువు కడ్డీలు వేలాడతాయి. ఒక్కో కడ్డీ ఎంత తూగాలన్నది ప్రశ్న. చెక్క చట్రం 3.5 కిలోలు, అద్దం 0.45 చదరపు మీటర్లు, మందం 4 మి.మీ. ఒక మి.మీ. మందం ఉన్న అద్దం చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది కాబట్టి 0.45 × 4 × 2.5 = 4.5 కిలోలు. చట్రంతో కలిపి 8.

ఇక్కడ ఎనిమిదిని సగం చేసి, కడ్డీకి 4 కిలోలని తేల్చినవారు లెక్క తప్పలేదు గాని కిటికీ సంగతి మరిచారు. కింది రెక్క మూసినప్పుడు గడప మీద ఆనుకుని కూర్చోవాలి. అందుకని దాని రెండు కడ్డీలూ కలిసి రెక్క కంటే అరకిలో తక్కువ తూగాలి. అంటే 7.5 కిలోలు, ఒక్కో కడ్డీ 3.75. పై రెక్క వ్యవహారం దీనికి తిరగేసి ఉంటుంది. అది పైకి అతుక్కుని ఉండాలి కాబట్టి దాని కడ్డీలు అరకిలో ఎక్కువ తూగాలి. ఒక మాట కూడా చెప్పాలి. రెక్కను ఊడదీయగలిగితే తూకం వేసి చూసుకోవడమే మేలు. నూరేళ్లుగా ఒకదాని మీద ఒకటి పడిన రంగు పొరలనూ, ఎండిన పుట్టీనీ ఏ సూత్రమూ లెక్కగట్టలేదు.

బరువు నుంచి పొడవుకు

కావలసిన బరువు తెలిసింది. దాన్ని ఏ ఆకారంలో పోయాలన్నది ఈ పాఠం. కడ్డీ ఎంత లావుండాలన్నది చాలావరకు మన చేతిలో ఉండదు. 1774 నాటి లండన్ భవన చట్టం కిటికీ పెట్టెలను ఇటుక గోడ వెనక దాచాలని నిర్దేశించింది. ఆ ఇరుకు పెట్టెలో పై రెక్క కడ్డీ, కింది రెక్క కడ్డీ పక్కపక్కనే తిరుగుతాయి. రెండూ చుట్టుకోకుండా నడుమ ఒక సన్నని చెక్క బద్ద వేలాడుతుంది. ఇలాంటి కిటికీల్లో దొరికే పాత ఇనుప కడ్డీలు తరచుగా 38 మి.మీ. వ్యాసంతో, అంటే ఒకటిన్నర అంగుళంతో ఉంటాయి. మనమూ అదే తీసుకుందాం.

పొడవుకు హద్దు ఉంది. మన కిటికీలో గిలక నుంచి పెట్టె అడుగుకు 150 సెం.మీ. అనుకోండి. రెక్క 72 సెం.మీ. జరుగుతుంది, కడ్డీ కూడా అంతే జరగాలి. తాడు ముడికి 5, ముడికీ గిలకకూ మధ్య 4, అడుగున 6 సెం.మీ. ఖాళీ ఉంచాలి. అన్నీ పోగా కడ్డీకి మిగిలేది 63 సెం.మీ. అడుగున ఖాళీ ఎందుకని అడగవచ్చు. తాడు కాలక్రమంలో సాగుతుంది. సాగిన తాడుతో కడ్డీ ముందే నేల తాకితే రెక్క చివరి నాలుగు వేళ్ల మేర మీ భుజబలం మీదే ఎక్కాలి.

ఇప్పుడు లోహం. పోత ఇనుము సాంద్రత ఘన సెం.మీ.కు సుమారు 7.2 గ్రాములు, సీసానిది 11.34. 38 మి.మీ. గుండ్రని ఇనుప కడ్డీ సెంటీమీటరుకు 81.6 గ్రాములు తూగుతుంది. అదే వెడల్పు చదరపు ఇనుము 104, గుండ్రని సీసం 128.6, చదరపు సీసం 163.7. చివరి అంకెను మొదటి దానితో పోల్చండి. గుండ్రని ఇనుము తీసేసి చదరపు సీసం పెడితే అదే పొడవులో దాదాపు రెట్టింపు బరువు వస్తుంది. పాత కిటికీకి రెండు పొరల అద్దం వేయించుకునే వారిలో చాలామంది చివరికి సీసం దగ్గరికి వచ్చేది ఇందుకే. మన కిటికీకే 4 మి.మీ. అద్దాలు రెండు వేస్తే రెక్క 12.5 కిలోలవుతుంది, ఒక్కో కడ్డీ 6 కిలోలుండాలి. గుండ్రని ఇనుములో అది 73 సెం.మీ. దాటుతుంది, పెట్టెలో పట్టదు. చదరపు ఇనుము అతికష్టం మీద పడుతుంది గాని, తాడు మెలి విప్పుకున్నప్పుడల్లా కడ్డీ గిరగిరా తిరిగి దాని మూలలు పెట్టె గోడలను గీకుతాయి. చదరపు సీసం 37 సెం.మీ.లో సరిపోతుంది. అలాంటి చోట నేనైతే సీసమే వాడతాను, మూలలు గుండ్రం చేసి.

ఈ పాఠానికి మాత్రం ఒంటి అద్దం, గుండ్రని ఇనుము. 3,750ని 81.6తో భాగిస్తే 46 సెం.మీ. కాని అది నున్నటి కడ్డీ లెక్క. దానికి తాడు కట్టే కన్ను ఇంకా పెట్టలేదు.

కన్ను

కడ్డీలో మిగతా భాగమంతా ఉత్త బరువు. పని జరిగేది కన్ను దగ్గరే, చెడేదీ అక్కడే. పాత కడ్డీల్లో బెజ్జం అంచు కత్తిలా ఉంటుంది. కిటికీ తెరిచి మూసిన ప్రతిసారీ తాడు ఆ అంచు మీద నలుగుతుంది. చివరికి తెగిన తాడును చూసి, నాసి తాడని తిట్టి, మళ్లీ కొత్తది కడతారు.

పోసిన తరువాత డ్రిల్లుతో బెజ్జం వేసుకుందామంటే కుదరదు. ఈ కడ్డీలు అందానికి చేసినవి కావు, బరువుకు చేసినవి. అమెరికా ఫౌండ్రీలు వీటికి చేతికందిన చౌక తుక్కంతా, రేకు డబ్బాలతో సహా, కరిగించి పోసేవి. అలాంటి తుక్కులో కార్బన్, సిలికాన్ తక్కువ. సన్నని కడ్డీ తొందరగా చల్లారుతుంది. రెండూ కలిస్తే వచ్చేది తెల్ల ఇనుము. విరిచి చూస్తే లోపల వెండిలా మెరుస్తుంది, ఆకురాయి పెడితే కోసుకోదు, జారిపోతుంది. కాబట్టి కన్ను అచ్చులోనే రావాలి.

మన రూపం ఇది. కడ్డీ తలను పైనుంచి 5 సెం.మీ. మేర రెండు వైపులా 9 మి.మీ. చొప్పున చదును చేయండి. నడుమ 20 మి.మీ. మందం పలక మిగులుతుంది. తల నుంచి 25 మి.మీ. దిగువన ఆ పలకకు అడ్డంగా 12 మి.మీ. బెజ్జం. 6 మి.మీ. తాడు బెజ్జంలో దూరి, రెండు చదునుల మీదుగా పైకి వచ్చి, తల పైన ముడిపడుతుంది. ముడికి 5 సెం.మీ. విడిచింది ఇందుకే. తాడు 9 మి.మీ. లోతులో ఒదిగి ఉంటుంది కాబట్టి పక్క కడ్డీనీ మధ్య బద్దనూ రాసుకోదు.

బెజ్జానికి బదులు పక్కకు తెరిచిన గాడి పెట్టి, ముడిని అందులో ఇరికిస్తే పొడవు కలిసివస్తుంది కదా అనిపిస్తుంది. కాగితం మీద బాగానే ఉంటుంది. తాడు ఒక్కసారి వదులైతే ముడి గాడిలోంచి బయటికి వస్తుంది, కడ్డీ పెట్టె అడుగున పడుతుంది. దాన్ని తీయాలంటే మొదటి పాఠంలో చూపిన పెట్టె తలుపు ఊడదీయాలి. వద్దు.

నమూనా

నమూనాను ఇసుకలో దట్టించి తీసేస్తే మిగిలే ఖాళీయే అచ్చు, ఇనుము పోసేది అందులోనే. బాగా ఎండిన చెక్కతో కడ్డీ నమూనా చేసి, నిలువునా రెండు సగాలుగా విడిపోయేలా ఉంచండి. రెండూ కదలకుండా కలవడానికి రెండు చిన్న కొయ్య పిన్నులు. గుండ్రని కడ్డీని ఇలా చీలిస్తే ఇసుకలోంచి దానంతటదే లేస్తుంది, పక్కలకు వాలు పెట్టనక్కరలేదు. రెండు కొసలకు మాత్రం కొద్దిగా వాలు ఇవ్వండి. చీలిక తల చదునులకు సమాంతరంగా ఉండాలి. అప్పుడు కన్ను ఇసుకలో నిటారుగా నిలబడుతుంది.

ఇప్పుడు కంటి బెజ్జం. నమూనా సగాన్ని పైకి లేపినప్పుడు బెజ్జంలోని ఇసుక స్తంభం విరగకుండా నిలవాలంటే, స్తంభం చీలిక దగ్గర సన్నగా, బయటి ముఖం దగ్గర లావుగా ఉండాలి. రెండు సగాలూ అలాగే చేస్తే మొత్తం బెజ్జం డమరుకంలా వస్తుంది, నడుము సన్నం, రెండు నోళ్లూ వెడల్పు. తాడుకు కావలసిందీ సరిగ్గా అదే, అంచు లేని విప్పారిన నోరు. అచ్చు పనివాడికి అవసరమైన వాలు, తాడుకు అవసరమైన వంపు ఒకే దిక్కున ఉన్నాయన్నమాట. పాత కడ్డీలు చేసినవారు దీన్ని ఎందుకు వదులుకున్నారో! నడుము దగ్గర 12 మి.మీ., నోటి దగ్గర 16 చాలు. నోటి అంచును నమూనాలోనే గుండ్రంగా రుద్దండి.

ఇదే ఉపాయం అడుగునా పనికొస్తుంది. కాలి కొసకు 4 సెం.మీ. పైన కడ్డీకి అడ్డంగా, సగటున 20 మి.మీ. వ్యాసంతో మరో డమరుకం బెజ్జం పెట్టండి. అది తూకం సరిచేసుకోవడానికి. పోత కడ్డీ ఎప్పుడూ లెక్కకు అచ్చంగా రాదు, తెల్ల ఇనుమును కోసి సరిచేయలేం. తక్కువైన బరువును ఆ బెజ్జంలో సీసంగా పోస్తాం. సుమారు 125 గ్రాములు పడుతుంది. సీసం నడుము దాటి నిండితే ఇక రాలదు, పైనా కిందా అదే పట్టుకుంటుంది.

పొడవు మళ్లీ లెక్కవేద్దాం. 48 సెం.మీ. నున్నటి కడ్డీ 3,917 గ్రాములు. తల చదునుకూ కంటికీ కలిపి 170, కాలి బెజ్జానికి 80 పోతే 3,667. ఇంకా 83 గ్రాముల సీసం పడితే 3,750. సగానికి మించి నిండుతుంది కాబట్టి నడుము దాటుతుంది.

నమూనాను మాత్రం 48 చేయకండి. పోత ఇనుము గడ్డకట్టి చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుంటుంది. నమూనా పొడవు 48.5 సెం.మీ., వ్యాసం 38.4 మి.మీ. ఉండాలి. ఒక శాతమే కదా అని వదిలేస్తే పొడవు, వెడల్పు, మందం మూడింటా తగ్గి బరువు 3 శాతం పోతుంది. అంటే మరో 110 గ్రాములు. అప్పుడు కాలి బెజ్జం నిండా సీసం పోసినా చాలదు. చివరగా నమూనాకు లక్క పూత వేసి నున్నగా రుద్దండి.

అచ్చు

ఇసుక తడి ఎంతుండాలో పిడికిలి చెబుతుంది. గట్టిగా పట్టి వదిలితే వేళ్ల గుర్తులు నిలవాలి, విరిస్తే అంచు రాలకుండా విరగాలి, అరచేతికి తడి అంటకూడదు. నమూనా సగాన్ని చీలిక ముఖం కిందికి పెట్టి పలక మీద పడుకోబెట్టి, అచ్చుకు వాడే రెండు పెట్టెల్లో కిందిదాన్ని దాని మీద బోర్లించి, ఇసుక అంటుకోకుండా పొడి చల్లి, ఇసుక నింపి దట్టించాలి. తిరగేసి, రెండో సగం పెట్టి, పై పెట్టె నింపాలి. కంటి దగ్గర మాత్రం దిమ్మిస వాడకండి. వేలితో కొద్దికొద్దిగా ఇసుక కూరి, స్తంభం నడుమ ఒక సన్నని మేకు దించండి. మేకు కొస ఇసుకలోనే ఉండాలి, బయటికి కనిపిస్తే కడ్డీకి అతుక్కుంటుంది.

కరిగిన ఇనుము వచ్చే దారి కాలి కొసకు కలపండి, తలకు కాదు. ఆ దారి కడ్డీని తాకే చోట సన్నగా ఉంటే సుత్తితో ఒక్క దెబ్బకు విరుగుతుంది. విరిగిన గరుకు అడుగున ఉంటుంది కాబట్టి తాడుకు తగలదు. ఒకే దారికి ఇరువైపులా మూడేసి చొప్పున ఆరు కడ్డీలు పెట్టవచ్చు.

పై పెట్టె మీద బరువు పెట్టడం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పోసే గొట్టంలో ఇనుము చీలిక మట్టానికి 12 సెం.మీ. ఎత్తున నిలిచిందంటే, ఒక్కో కడ్డీ పై పెట్టెను 13 కిలోలకు పైగా పైకి నెడుతుంది. ఆరు కడ్డీలకు 80 కిలోలు. పెట్టె వెంట్రుకవాసి లేచినా కడ్డీల చుట్టూ రేకు పరుచుకుంటుంది, ఇంకొంచెం లేస్తే ఇనుము మీ పాదాల దగ్గరికి వస్తుంది. పెట్టె, ఇసుక తూగేది తీసేసి, మిగిలినదానికి ఒకటిన్నర రెట్లు దిమ్మెలు పేర్చండి.

ఇనుము పోత ఇంటి పెరట్లో చేసే పని కాదు. 1,300 డిగ్రీల పైన ఉన్న లోహంతో వ్యవహారం. నమూనా మీరు చేసి ఫౌండ్రీకి ఇవ్వండి. ఈ కొలతలతో చేసిన నమూనా ఏ చిన్న ఫౌండ్రీకైనా అర్థమవుతుంది. కాలి బెజ్జంలో సీసం మాత్రం ఇంట్లో పోసుకోవచ్చు. అదీ ఆరుబయట, పిల్లలకు దూరంగా, వంటకు వాడని పాత్రలో. కడ్డీని ముందు బాగా వెచ్చచేయండి. బెజ్జంలో చుక్క నీరున్నా 327 డిగ్రీలకు కరిగిన సీసం చిమ్ముతుంది. బెజ్జం కింది నోటిని పొడి ఇసుకలో నొక్కి పోయండి, తడి బంకమట్టి వాడవద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఫౌండ్రీ నుంచి వచ్చిన కడ్డీలో మొదట కన్ను చూడండి. రెండు ఇసుక స్తంభాలు కలిసిన చోట, సరిగ్గా నడుములో, సన్నని రేకు ఉంటుంది. సూదిమొన ఇనుప కడ్డీతో కొట్టి విరిచేసి, కార్బొరండం అనే గట్టి సానరాయితో రుద్దండి. తరువాత గుడ్డ పీలికను కంట్లో దూర్చి ముందుకూ వెనక్కూ లాగండి. పోగు చిక్కిందంటే ఇంకా రుద్దాలి.

అభ్యాసం

ఇదే కిటికీ పై రెక్కకు 6 మి.మీ. అద్దం వేశారు. చట్రం, అద్దం వైశాల్యం, పెట్టె కొలతలు మారలేదు. 38 మి.మీ. గుండ్రని ఇనుము 63 సెం.మీ.లో సరిపోతుందా? సరిపోకపోతే ఇనుమే వాడుతూ వ్యాసం ఎంతకు పెంచాలి? తల చదును, రెండు బెజ్జాలు కూడా లెక్కలో ఉండాలి. నమూనా కొలతలు ఒక శాతం కలిపి రాయండి. ఐదో పాఠంలో తాడు ఎంపిక, ముడి, కడ్డీని పెట్టెలోకి దించడం.