టాహో దారిలో భారీ మంచు: ఆల్ వీల్ డ్రైవ్ మినీవ్యాన్ నడపడం ఎలా?

కాలిఫోర్నియాలో శాక్రమెంటో దాటి ఐ-80 హైవే మీద టాహో సరస్సు వైపు తూర్పుకు వెళ్తే రెండు గంటల్లోపే రోడ్డు దాదాపు సముద్రమట్టం నుంచి 7,239 అడుగుల డానర్ సమ్మిట్‌కు ఎక్కుతుంది. కింద వాన పడుతుంటే పైన మంచు కురుస్తుంటుంది. సమ్మిట్ పక్కనే సోడా స్ప్రింగ్స్‌లో ఉన్న బర్కిలీ విశ్వవిద్యాలయం స్నో ల్యాబ్ 2022-23 సీజన్‌లో 754 అంగుళాల మంచు కొలిచింది. అంటే ఆరంతస్తుల మేడంత. బే ఏరియా నుంచి పిల్లలతో, పెద్దవాళ్లతో మినీవ్యాన్‌లో టాహో వెళ్లే తెలుగు కుటుంబాలు ఎక్కేది ఈ దారే. కాకపోతే యూఎస్-50 మీద ఎకో సమ్మిట్, అది 7,382 అడుగులు.

ఇక్కడి మంచు మిన్నెసోటా మంచులా పొడిగా ఉండదు. పసిఫిక్ తేమతో బరువెక్కి పడుతుంది కాబట్టి స్థానికులు దాన్ని ఈ సియెర్రా నెవాడా కొండల పేరుతో సియెర్రా సిమెంట్ అంటారు. ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కు అటూ ఇటూ ఉన్నప్పుడు మంచు మీద పల్చటి నీటి పొర నిలుస్తుంది. టైరు అన్నిటికంటే ఎక్కువగా జారేది అప్పుడే. గట్టి చలి రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నడిపినవాళ్లు కూడా ఇక్కడ మోసపోయేది ఇందుకే.

ముందు ఒక లెక్క

నాలుగు చక్రాలకూ శక్తి అందడం బండి కదలడానికి పనికొస్తుంది. ఆగడానికి కాదు, మలుపు తిరగడానికీ పెద్దగా కాదు. ఏ బండికైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆపేది టైరు పట్టే. గంటకు 30 మైళ్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద సుమారు 45 అడుగుల్లో బండి ఆగుతుంది. తొక్కి గట్టిపడిన మంచు మీద అదే 150 అడుగులు, ఐస్ మీద 300. కాలు బ్రేకు మీదకు వెళ్లే సమయం ఇందులో కలపలేదు. ఆ ఒక్క సెకనులోనే మరో 44 అడుగులు పోతాయి. ఆల్ వీల్ డ్రైవ్ బండి ఎక్కడా జారకుండా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకు తెలియదు. తెలిసేది మొదటిసారి బ్రేకు వేసినప్పుడే.

ఇక్కడ అమ్మే మినీవ్యాన్లలో టయోటా సియెనాకు, క్రైస్లర్ పసిఫికాకు ఆల్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గా (పెట్రోలు ఇంజనుతో పాటు ఎలక్ట్రిక్ మోటార్లతో) వస్తున్న సియెనాలో ముందు నుంచి వెనక్కు వెళ్లే షాఫ్ట్ ఉండదు, వెనుక చక్రాలను 54 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది. జారుడు రోడ్డు మీద బండి కదిలించడానికి అది బాగా సరిపోతుంది. కూరుకుపోయిన బండిలో నిమిషాల తరబడి చక్రాలు తిప్పుతూ కూర్చోవడానికి మాత్రం అది కాదు. ఇలాంటి వ్యవస్థలు వేడెక్కితే వెనుక చక్రాలకు శక్తి ఆపేస్తాయి.

బయలుదేరే ముందు రోజు

టైర్లతో మొదలుపెట్టండి. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉంటే అది నిజమైన మంచు టైరు. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అని మాత్రమే ఉంటే నిబంధన వరకు చెల్లుతుంది గానీ మామూలు ఆల్ సీజన్ రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ దిగువన బిగుసుకుపోతూ పట్టు కోల్పోతుంది. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే టైర్ల మీద పెట్టండి. మంచు టైర్లున్న టూ వీల్ డ్రైవ్ బండి, అరిగిన ఆల్ సీజన్ టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కంటే తక్కువ దూరంలో ఆగుతుంది. గాడి లోతు అంగుళంలో 32వ వంతులు ఆరైనా ఉండాలి. 1959-2008 మధ్య ముద్రించిన సెంటు నాణేన్ని గాడిలో తలకిందులుగా నిలబెట్టండి. లింకన్ మెమోరియల్ భవనం పైకప్పు రబ్బరులో మునిగితే లోతు సరిపోయినట్టే. నాలుగు టైర్లకూ చూడాలి.

గాలి ఇంటి దగ్గర, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోర్ స్టిక్కర్ మీద రాసినంత పట్టించండి. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అయితే 7,000 అడుగుల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజ్ మూడు పీఎస్ఐకి పైగా ఎక్కువ చూపిస్తుంది. రెండూ చాలావరకు సరిపోతాయి. మంచులో పట్టు పెరుగుతుందని గాలి తీసేయకండి. అది ఇసుక దారుల సలహా.

వైపర్ ట్యాంకులో నీళ్లు పోసి ఉంటే మొత్తం వాడేసి, మైనస్ 20 ఫారెన్‌హీట్ వరకు గడ్డకట్టని ద్రవం పోయండి. దారిలో వచ్చే ఆబర్న్‌లో పెట్రోలు నింపండి. అక్కడి నుంచి ట్యాంకు సగం కిందికి రానివ్వకండి. స్లైడింగ్ డోర్ రబ్బర్లు తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి, లేకపోతే రాత్రికి రాత్రే అతుక్కుపోతాయి. అతుక్కున్న డోర్‌ను మోటారుతో పదేపదే లాగిస్తే చెడేది మోటారే. చేత్తో అంచుల మీద నొక్కి ఐస్ విడిపించాకే తీయండి. మూసే ముందు కింది పట్టాలో పిల్లల బూట్లు రాల్చిన మంచు తుడవండి. డోర్ సగంలో ఆగి మళ్లీ వెనక్కు పోతుంటే కారణం అదే.

బండిలో ఉండాల్సినవి: టైర్లకు తొడిగే సరైన సైజు చైన్లు, మడత పార, బ్రష్‌తో ఉన్న స్క్రేపర్, తడవని గ్లౌజులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత ఫ్లోర్ మ్యాట్, తలకు పెట్టుకునే లైటు, పది కిలోల ఇసుక లేదా పిల్లి లిట్టర్, లాగుడు పట్టీ, దుప్పట్లు, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఒక రోజుకు సరిపడా తిండి. పులిహోర చలికి గట్టిపడుతుంది. జంతికలు, ఖర్జూరాలు, వేరుశెనగ చిక్కీ అయితే ఇబ్బంది లేదు. పిల్లలను కార్ సీట్లో లావు జాకెట్‌తో బిగించకండి. ఢీకొన్నప్పుడు జాకెట్ అణిగి పట్టీ వదులవుతుంది. బిగించాక జాకెట్ పైన కప్పండి.

చైన్ కంట్రోల్ బోర్డులు

మంచు పడినప్పుడు కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ చైన్ల నిబంధనకు మూడు స్థాయిలు పెడుతుంది. ఆర్1, ఆర్2లలో నాలుగు చక్రాలకూ మంచు గుర్తు టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండి చైన్లు తొడగకుండానే వెళ్లవచ్చు. కానీ చైన్లు బండిలో ఉండి తీరాలి. ఆర్3 అంటే మినహాయింపు లేదు, అందరూ తొడగాల్సిందే. ఆర్3 పెట్టేలోపే తరచుగా రోడ్డునే మూసేస్తారు. 2024 మార్చి మొదట్లో వచ్చిన బ్లిజార్డ్‌కు ఐ-80 రెండు రోజులకు పైగా మూతపడింది. బయలుదేరే ముందు కాల్‌ట్రాన్స్ క్విక్‌మ్యాప్‌లో రోడ్డు కెమెరాలు చూడండి, 1-800-427-7623కు ఫోన్ చేసినా చెబుతారు.

హైవే మూసినప్పుడు ఫోన్‌లోని మ్యాప్ పక్కదారి చూపిస్తే అస్సలు వెళ్లవద్దు. హెన్నెస్ పాస్ రోడ్డు లాంటి అటవీ దారుల్లో చలికాలం మంచు తీసేవారుండరు, సిగ్నల్ కూడా సరిగా ఉండదు. కోల్‌ఫాక్స్‌లోనో ఆబర్న్‌లోనో గది తీసుకుని ఆగిపోండి.

చైన్లు తొడగడం

ముందు మాన్యువల్ తెరవండి. మీ రిమ్ సైజుకు చైన్లు వేయవచ్చో లేదో, ఏ చక్రాలకు వేయాలో అందులో ఉంటుంది. పెద్ద రిమ్‌లలో టైరుకూ సస్పెన్షన్‌కూ మధ్య సందు చాలా తక్కువ, లావు చైన్ తగిలి బ్రేకు గొట్టం తెగవచ్చు. మినీవ్యాన్లకు సాధారణంగా క్లాస్ ఎస్ రకం పల్చటి చైన్లు, ముందు చక్రాలకు. ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి తొడిగి చూడండి. మొదటిసారి గంట పడుతుంది, రెండోసారి ఇరవై నిమిషాలు. ఆ మొదటి గంట చీకట్లో, ట్రక్కుల పక్కన కాకూడదు.

1. చైన్లు వేసుకోమని బోర్డు పెట్టిన చోటే, కుడి పక్కన, సమంగా ఉన్న నేల మీద ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి. పిల్లలను దింపకండి.
2. చైన్ మెలికలు తీసి నేల మీద పరవండి. కొక్కేల మొనలు టైరు వైపు కాకుండా బయటికి ఉండాలి, లేకపోతే రబ్బరును కోస్తాయి.
3. టైరు మీదుగా వేసి, ముందు లోపలి వైపు కొక్కెం, ఆ తర్వాత బయటి వైపు కొక్కెం తగిలించండి. లోపలి కొక్కెం చేత్తో తడిమి సరిచూసుకోండి. దారిలో ఊడిపోయేది ఎక్కువగా అదే.
4. చైన్‌తో వచ్చిన రబ్బరు బిగింపు వేయండి. మిగిలిన కొస వేలాడకుండా కట్టేయండి.
5. వంద గజాలు నెమ్మదిగా నడిపి ఆపి, మళ్లీ బిగించండి. ఈ మెట్టు వదిలేస్తే వదులైన చైన్ ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌ను చీల్చేస్తుంది.

వేగం 30 మైళ్లు దాటకూడదు, బోర్డు 25 అంటే 25. నల్ల తారు కనిపించగానే తగిన చోట ఆపి తీసేయండి. చేతకాకపోతే బ్యాడ్జి నంబరుతో రోడ్డు పక్కన నిలబడే చైన్ ఇన్‌స్టాలర్లు డబ్బు తీసుకుని తొడుగుతారు. వాళ్లు చైన్లు అమ్మరు, అద్దెకివ్వరు. మీవి మీ దగ్గర ఉండాలి.

నడిపేటప్పుడు

కప్పు మీది మంచు మొత్తం దులిపాకే కదలండి. హీటరు వేడికి అడుగు కరిగి, మొదటి బ్రేకుకే ఆ దిబ్బంతా ముందద్దం మీదకు జారుతుంది. క్రూయిజ్ కంట్రోల్ వద్దు. ముందున్న రాడార్ మీద మంచు పేరుకుంటే ఢీకొనకుండా ఆపే వ్యవస్థ కూడా పనిచేయదు, దాన్ని నమ్ముకోకండి.

ముందు బండికీ మీకూ ఎనిమిది నుంచి పది సెకన్ల దూరం ఉంచండి. స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ ఒకదాని తర్వాత ఒకటి వాడండి, రెండు కలపకండి. ఉన్న కొద్ది పట్టును టైరు ఆగడానికి ఖర్చుపెడితే తిరగడానికి మిగలదు. అందుకే వేగం మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే తగ్గించాలి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) పనిచేస్తే పెడల్ కింద కటకటమంటూ అదురుతుంది. భయపడి కాలు తీయకండి, అలాగే నొక్కి ఉంచండి.

స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంటే ఇంకా తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కొంచెం వెనక్కు తీయండి, ముందు టైర్లకు పట్టు తిరిగి వస్తుంది. వెనుక భాగం పక్కకు జారితే బ్రేకు జోలికి పోకుండా, మీరు వెళ్లాల్సిన వైపే చూస్తూ అటే తిప్పండి.

ఎక్కుడులో ఆగకుండా ఒకే వేగం పట్టుకోండి. ముందు బండి జారుతుంటే దూరం ఇంకా పెంచండి, అది ఆగినా మీరు ఆగాల్సిన పని పడదు. దిగుడులో, డానర్ లేక్ వైపు దిగేటప్పుడు ముఖ్యంగా, పైననే వేగం తగ్గించి, సియెనా అయితే గేరు ఎస్‌లో (గేర్లను మనమే దించుకునే స్థానం) వేసి ఒక్కో మెట్టూ దించండి. ఒకేసారి బాగా కిందికి దించితే ముందు చక్రాలు పట్టు వదిలేస్తాయి. మంచు తీసే ప్లౌ వెనకాలే వెళ్లండి, దాటకండి. ఆ రోజుకు ఆ దారిలో అంతకంటే మంచి చోటు లేదు.

మినీవ్యాన్ పొట్టకూ నేలకూ మధ్య ఎత్తు మోడల్‌ను బట్టి సుమారు ఐదు నుంచి ఏడు అంగుళాలు, మనుషులు సామాన్లతో నిండితే ఇంకా తక్కువ. తొక్కని మంచు అంతకంటే లోతుంటే బండి పొట్ట మీద తేలి చక్రాలు గాల్లో ఆడతాయి. అక్కడ ఏ డ్రైవ్ వ్యవస్థా చేసేదేమీ లేదు. కేబిన్ వాకిట్లో ప్లౌ వదిలిన గట్టును ఊపుతో దాటబోతే బంపరు, అడుగు ప్లాస్టిక్ పగులుతాయి. పారతో దారి చేసుకోండి.

కూరుకుపోతే

రెండు సెకన్లకు మించి చక్రాలు తిప్పకండి. అడుగు మంచు కరిగి, గడ్డకట్టి ఐస్ అవుతుంది. చక్రాల ముందు వెనక, పొట్ట కింద మంచు తవ్వండి. స్టీరింగ్ తిన్నగా పెట్టి ఇసుక చల్లండి. ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఒకసారి నొక్కి ఆపేయండి, అది పనిచేస్తుంటే చక్రం జారగానే శక్తి కోసేస్తుంది. మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపి, బయటపడగానే మళ్లీ ఆన్ చేయండి. లాగించుకోవాలంటే టూల్స్‌తో వచ్చిన మరలు కొక్కేన్ని బంపరు మూత వెనుక బిగించండి, సస్పెన్షన్‌కు పట్టీ కట్టకండి.

రోడ్డు మూసి గంటల తరబడి నిలిచిపోతే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీయండి. గొట్టం పూడితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. హైబ్రిడ్ ఇంజను ఆగిందనుకున్న కాసేపటికి తనంతట తానే మళ్లీ మొదలవుతుంది కాబట్టి ప్రతి అరగంటకూ ఎవరో ఒకరు దిగి గొట్టం చూడాలి. గాలి వీచని వైపు కిటికీ వేలెడు తెరిచి ఉంచండి. బండి వదిలి నడవకండి.

రాత్రి పార్కు చేసేటప్పుడు పార్కింగ్ బ్రేకు గడ్డకట్టవచ్చు. సమంగా ఉన్న నేల మీద గేరు పీలో (పార్క్) పెట్టి చక్రాలకు అడ్డు వేయండి, ఆటోమేటిక్‌గా పడే బ్రేకును ముందే ఆఫ్ చేయండి. వైపర్లు పైకెత్తండి. బండి ముఖం రోడ్డు వైపు ఉండేలా రివర్స్‌లో పెడితే పొద్దున తవ్వాల్సింది సగమే.