ట్రంకింగ్ రేడియో వినడం, 3వ పాఠం: మాటల్లేని మోతలో ఏముంది?

పోయిన పాఠంలో డాంగిల్ (కంప్యూటర్‌కి పెట్టే చిన్న రేడియో రిసీవర్) తగిలించి, వాటర్‌ఫాల్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఉందో తెర మీద చూపించే బొమ్మలో) ఎప్పుడూ ఆరకుండా వెలిగే గీత ఒకటి వెతికి రాసుకోమన్నాను. అక్కడ ఆగి వింటే మాటలేమీ ఉండవు, బర్రుమని ఒకటే మోత. చాలామంది అదేదో డిస్టర్బెన్స్ అనుకుని దాటేస్తారు. ఈ పాఠమంతా ఆ మోత గురించే.

మామూలు వాకీటాకీల్లో ఒక గుంపుకి ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది, అక్కడ కూర్చుంటే వాళ్ల మాటలన్నీ వినొచ్చు. ట్రంకింగ్‌లో, అంటే కొన్ని ఫ్రీక్వెన్సీలను చాలా గుంపులు పంచుకునే పద్ధతిలో, అలా కుదరదు. నేను మొదట్లో ఈ సంగతి తెలియక ఒక ఫ్రీక్వెన్సీని పట్టుకుని మూడు వారాలు వేలాడాను. "గేటు దగ్గరికి రండి" అని ఒక గొంతు వినబడేది, దానికి జవాబు మాత్రం వచ్చేది కాదు. కాసేపటికి అదే చోట ఇంకెవరో ఏదో లారీ గురించి మాట్లాడేవారు. స్కానర్ (రేడియో మాటలు వినే సెట్) పాడైందనుకున్నాను.

పాడైంది స్కానర్ కాదు, నా లెక్క. రైల్వే స్టేషన్‌లో నాలుగో ప్లాట్‌ఫారం మీదే నిలబడి, మన బండి రోజూ ఇక్కడికే రావాలంటే ఎలా? అనౌన్స్‌మెంట్ వినాలి. ఫలానా నంబరు బండి, ఫలానా ప్లాట్‌ఫారం. ట్రంకింగ్‌లో బండి నంబరు లాంటిది టాక్‌గ్రూప్ (తమలో తాము మాట్లాడుకునే ఒక గుంపు నంబరు), ప్లాట్‌ఫారం లాంటిది ఫ్రీక్వెన్సీ. ఆ బర్రుమనే మోతే అనౌన్స్‌మెంట్. దాని పేరు కంట్రోల్ ఛానల్.

ఒకరు బటన్ నొక్కగానే ఏం జరుగుతుందో పీ25 అనే డిజిటల్ రేడియో పద్ధతిలో చూద్దాం. ముందు ఆ సెట్ "ఈ టాక్‌గ్రూప్‌లో మాట్లాడాలి" అని కంట్రోల్ ఛానల్‌కి చిన్న డేటా పంపుతుంది. సిస్టమ్ ఖాళీగా ఉన్న ఛానల్ ఒకటి చూసి, అందరికీ వినబడేలా "గ్రాంట్" ప్రకటిస్తుంది. ఆ టాక్‌గ్రూప్‌లో ఉన్న సెట్లన్నీ ఒక్కసారిగా అటు దూకుతాయి. ఇదంతా మామూలుగా సెకనులోపే అయిపోతుంది. మాట ఆగాక ఛానల్ మళ్లీ ఖాళీ. జవాబు చెప్పేవాడికి ఇంకో ఛానల్ దక్కవచ్చు. నాకు వినబడని జవాబులన్నీ పోయింది అక్కడికే.

కంప్యూటర్‌లో ఎస్‌డీఆర్‌ట్రంక్ లాంటి, కంట్రోల్ ఛానల్ డేటాను చదివే ప్రోగ్రామ్ పెడితే ఈ ప్రకటనలు లైన్లుగా కనబడతాయి. గ్రాంట్‌లో టాక్‌గ్రూప్ 2416, మాట్లాడే సెట్ నంబరు, ఛానల్ 0-509 అని వచ్చిందనుకోండి. ఈ 0-509 ఫ్రీక్వెన్సీ కాదు. సిస్టమ్ తన ఛానల్ పట్టికను కూడా అప్పుడప్పుడు ప్రకటిస్తూ ఉంటుంది. అందులో 0 నంబరు వరసకి మొదలు 851.00625 మెగాహెర్ట్జ్, మెట్టు 6.25 కిలోహెర్ట్జ్ అని ఉంటే, 509ని 6.25తో గుణించండి. 3181.25 కిలోహెర్ట్జ్ వస్తుంది. మొదలుకి కలిపితే 854.1875 మెగాహెర్ట్జ్. ప్రోగ్రామ్ ఈ లెక్క తనే చేసుకుంటుంది, కానీ ఒక్కసారి కాగితం మీద మీరే చేయండి. గొంతు ఎందుకు రావడం లేదో వెతికే రోజున పనికొస్తుంది.

పీ25లో తర్వాతి తరమైన ఫేజ్ 2 సిస్టమ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీని రెండు సంభాషణలు వంతులవారీగా వాడుకుంటాయి, ఒక్కో వంతు ఒక స్లాట్. అక్కడ ఛానల్ నంబరుని ముందు రెండుతో భాగించి, వచ్చిన భాగఫలాన్ని మెట్టుతో గుణించాలి. శేషం 0 అయితే మొదటి స్లాట్, 1 అయితే రెండోది. కంట్రోల్ ఛానల్ మాత్రం మామూలుగా పాత ఫేజ్ 1 తీరులోనే ఉంటుంది.

గ్రాంట్‌లో ఇంకో చిన్న గుర్తు ఉంటుంది: ఎన్‌క్రిప్షన్, అంటే మాటలకు వేసిన తాళం. అది కనబడితే ఆ సంభాషణ వదిలేయండి. తాళం తీసే ప్రయత్నాలు ఈ పాఠాల్లో ఉండవు, అడగొద్దు. తాళం లేనివైనా సరే, వేరేవాళ్ల రేడియో మాటలు వినడంపై ఒక్కో దేశంలో ఒక్కో చట్టం. మీ దగ్గర ఏముందో ముందు చూసుకునే డాంగిల్ తగిలించండి.

మోత గట్టిగా వినబడుతున్నా తెర మీద ఒక్క లైనూ పడకపోతే టెన్షన్ పడకండి. ముందుగా డాంగిల్ ఫ్రీక్వెన్సీ తేడాను అనుమానించండి. చవక డాంగిల్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తప్పు చూపిస్తే 851 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 42.5 కిలోహెర్ట్జ్. ఛానల్ వెడల్పే 12.5 అయినప్పుడు మీరు మూడిళ్లు అవతల తలుపు కొడుతున్నట్టే. పీపీఎం సెట్టింగ్‌ని కొద్దికొద్దిగా జరపండి. లైన్లు పడటం మొదలైతే ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది, జలజలా రాలతాయి.

లైన్లు బాగానే పడుతున్నా గొంతు రాకపోతే వెడల్పు చూడండి. ఈ డాంగిల్ ఒకేసారి చూడగలిగేది సుమారు 2.4 మెగాహెర్ట్జ్ మేరకే. కంట్రోల్ ఛానల్ 851 దగ్గర, గ్రాంట్ 854 దగ్గర అయితే మన డాంగిల్ కిటికీలో ఆ ప్లాట్‌ఫారమే కనబడదు. రెండో డాంగిల్ కొనక తప్పదు, నేనూ అలాగే కొన్నాను.

ఈ వారం పని: ఒక గంటసేపు గొంతులు ఆపేసి లాగ్ మాత్రమే నడపండి. ప్రతి టాక్‌గ్రూప్ ఎన్నిసార్లు, ఏ సమయంలో లేచిందో, ఎన్ని రకాల సెట్ నంబర్లు మాట్లాడాయో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుంటేనే నాలుగో పాఠం తెరవండి, టాక్‌గ్రూపులకు పేర్లు పెట్టడం దానితోనే మొదలుపెడదాం.