విండ్‌సాక్ చూసి ప్యాటర్న్ ఎగరడం: అమెరికాలో పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) మొదలుపెట్టినవాళ్లకి

టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌లో ఏ రన్‌వే వాడాలో మనకెవరూ చెప్పరు, మనమే చూసుకోవాలి. ముందు విండ్‌సాక్, అంటే గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, వెతకండి. గాలి పెద్ద మూతిలోంచి దూరి తోకలోంచి పోతుంది, కాబట్టి మూతి ఎటుంటే గాలి అటునుంచి వస్తున్నట్టు, మనం దిగేది ఆ గాలికి ఎదురుగానే. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ప్రమాణం సాక్ 15 నాట్లకి పూర్తిగా చాచుకుంటుంది, తోక వేలాడుతోందంటే గాలి అంతకన్నా తక్కువ. టెట్రాహెడ్రన్ (నేలమీద గాలికి తిరిగే త్రికోణాకారపు సూచిక) ఉంటే మాత్రం జాగ్రత్త, దాని సన్నటి కొన గాలి వచ్చే వైపుకి చూస్తుంది, సాక్‌కి పూర్తిగా రివర్స్. పైగా గాలి బాగా తక్కువున్నప్పుడు దాన్ని నమ్మకూడదు.

ప్యాటర్న్ అంటే రన్‌వే పక్కన ఎగిరే దీర్ఘచతురస్రపు దారి, అందులో టర్న్‌లు మామూలుగా లెఫ్టే. చార్ట్‌లో ఆర్‌పీ అని రన్‌వే నంబర్ ఉంటే ఆ రన్‌వేకి రైట్. సాధారణంగా నేలకి 1000 అడుగుల ఎత్తులో, 45 డిగ్రీల్లో, డౌన్‌విండ్ (రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి వ్యతిరేకంగా వెళ్లే భాగం) మధ్యలోకి జాయిన్ అవ్వాలి, రేడియోలో చెప్తూనే కళ్లతో కూడా వెతకాలి, ఎందుకంటే రేడియో లేని విమానాలు కూడా తిరుగుతుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. సాక్ చూసి రన్‌వే ఎంచుకోగానే చాలామంది దాన్ని మర్చిపోతారు, కానీ ఆ గాలి ప్యాటర్న్‌లోని ప్రతి లెగ్‌లోనూ (భాగంలోనూ) మనల్ని తోస్తూనే ఉంటుంది. రన్‌వే 27 (పడమర వైపు), లెఫ్ట్ ప్యాటర్న్, గాలి 240 డిగ్రీల (నైరుతి) నుంచి 12 నాట్లు అనుకోండి. టేకాఫ్ తర్వాత మొదటి టర్న్‌తో వచ్చే క్రాస్‌విండ్ లెగ్‌లో దక్షిణానికి వెళ్తుంటే గాలి ఎదురు, అందుకే అనుకున్నంత దూరం పోకుండానే డౌన్‌విండ్‌కి తిరిగేస్తాం. డౌన్‌విండ్‌లో అదే గాలి కుడి వెనకనుంచి రన్‌వే వైపుకి నెడుతుంది, సో ముక్కు కొంచెం కుడికి పెట్టి ఎగరాలి. ఇక బేస్‌లో (డౌన్‌విండ్ నుంచి ఫైనల్ వైపు వెళ్లే లెగ్) అది వెనకనుంచి తోస్తుంది, గ్రౌండ్ స్పీడ్ పెరిగి ఫైనల్ (రన్‌వేకి సూటిగా దిగే లైన్) దాటిపోతాం. అప్పుడు లైన్ మీదికి రావాలని బ్యాంక్ (రెక్కల వంపు) పెంచి రడ్డర్ కూడా తొక్కేస్తే స్టాల్ అయి (రెక్కలు లిఫ్ట్ కోల్పోయి), గిరగిరా తిరుగుతూ పడే స్పిన్‌లోకి వెళ్లే ప్రమాదం, ఆ ఎత్తులో రికవర్ అవ్వడానికి చోటుండదు. ఎత్తు పోకుండా 45 డిగ్రీల బ్యాంక్ పట్టుకుంటే స్టాల్ స్పీడ్ దాదాపు 19 శాతం పెరుగుతుంది.

అందుకే ఇలాంటి గాలిలో డౌన్‌విండ్ కాస్త దూరంగా పెట్టుకోండి, ఫైనల్ టర్న్ ముందే మొదలుపెట్టండి, బ్యాంక్ 30 దాటనివ్వకండి. దాటిపోయారా, లాక్కురావద్దు, రెక్కలు లెవెల్ చేసి ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి) అయిపోండి. మళ్లీ వచ్చినప్పుడు ఫైనల్‌లో సాక్‌ని ఇంకోసారి చూడండి, ఈలోపు గాలి మారి ఉండొచ్చు.