ఇంటి కొలతలు – 3వ పాఠం: అడుగులా, మిల్లీమీటర్లా?

కిందటి పాఠంలో టేపు పట్టడం, గది మూలమట్టం సరిచూడటం నేర్చుకున్నాం. ఈసారి కొత్తగా ఇల్లు కట్టేవారంతా అడిగే ప్రశ్న.

కడపలో ఇల్లు లేస్తున్న చోట కాసేపు నిలబడండి. ఇనుప కడ్డీ 8 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్లు. సిమెంటు బస్తా 50 కిలోలు. ఎర్రగుంట్ల నుంచి దిగిన నాపరాయి మాత్రం చదరపు అడుగుల్లో, కింద ఉన్న స్థలమేమో సెంట్లలో. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది, 1958 అక్టోబరులో అమలు మొదలైంది. అయినా మేస్త్రి నోట అడుగు పోలేదు.

అది మొండితనం కాదు. 12 అంగుళాలను సగం చేసినా, మూడు భాగాలు చేసినా, నాలుగు చేసినా ముక్క మిగలదు. గుమ్మంలో నిలబడి "పదీ పన్నెండు" అని గది కొలత చెప్పేస్తారు. ఆ కంటి కొలతంటే నాకు గౌరవం. చిక్కంతా కాగితం మీదే వస్తుంది.

మా వంటగది పొడవు 12 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 9 అడుగుల 8 అంగుళాలు. నేను ఫోనులో 12.10 × 9.8 అని కొట్టాను, 118.58 వచ్చింది. రెండడుగుల బండ ఒక్కోటి 4 చదరపు అడుగులు కాబట్టి 30 సరిపోతాయని అన్నే తెప్పించాను. పొయ్యిగట్టు పక్కన మూల ఖాళీగా మిగిలింది. తర్వాత తెచ్చిన బండల రంగు కలవలేదు. ఏడేళ్లయినా వంట చేసేటప్పుడు చూపు అటే పోతుంది.

తప్పు ఆ చుక్కలో ఉంది. 10 అంగుళాలంటే అడుగులో పన్నెండింట పది వంతులు, అంటే 0.833. ఫోను దృష్టిలో 12.10 అంటే 12.1 మాత్రమే. సరైన లెక్క 12.833 × 9.667 = 124.06. కోతలో పోయేది దీనికి అదనం.

ఇప్పుడు టేపు రెండో అంచు చూడండి. అదే గది 3912, 2946 మిల్లీమీటర్లు. మీటర్లలోకి మార్చి హెచ్చవేస్తే 3.912 × 2.946 = 11.525 చదరపు మీటర్లు. బండల ధర చదరపు అడుగుల్లో చెబుతారు కాబట్టి చివర ఒక్కసారి 10.764తో హెచ్చవేయండి: 124.05. భిన్నాల బెడద లేదు.

కాబట్టి నా మాట: కొలిచేది, రాసేది మిల్లీమీటర్లలో; అడుగుల్లోకి మార్చేది చివరన, ఒకే ఒక్కసారి. మధ్యలో రెండూ కలిపితే ఎంతటివారైనా పొరబడతారు. 1983లో కెనడాలో ఒక విమానానికి ఇంధనం కిలోల్లో లెక్కగట్టాల్సి ఉండగా పౌన్ల గుణకం వాడారు. గాలిలోనే ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్లు నేర్పుగా గిమ్లీ అనే చోట దించడంతో అందరూ బతికారు.

మేస్త్రితో మాత్రం "అన్నా, రెండడుగుల బండ" అనే చెప్పండి. 610 అంటే ఆయన పని ఆగుతుంది. ఒక అంగుళం కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లని మీకు గుర్తుంటే చాలు.

అభ్యాసం: 14 అడుగుల 11 అంగుళాల పొడవు, 5 అడుగుల 6 అంగుళాల వెడల్పు ఉన్న వరండా. ముందు నాలాగే చుక్క పెట్టి తప్పుగా లెక్క వేయండి, తర్వాత మిల్లీమీటర్లలో వేయండి. రెండింటి తేడా ఎన్ని చదరపు అడుగులో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం ఆ తేడాతో మొదలై సెంట్ల దగ్గరికి వెళుతుంది.